మేల్‌మొణవూర్ శిబిరంలో పెద్దల మాటలు రాసిపెట్టాలనుకుంటున్నాను, సలహాలు కావాలి

నీవానది (చిత్తూరు)
సోమవారం, ఉదయం 7.15

అందరికీ నమస్కారం. చిత్తూరులో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరయినవాణ్ణి. ఒక పని తలకెత్తుకోబోతున్నాను. మొదలుపెట్టే ముందు మీ అందరి మాటా వినాలని రాస్తున్నాను.

వేలూరు పక్కన మేల్‌మొణవూర్‌లో శ్రీలంక తమిళుల శిబిరం ఉంది. ఆసుపత్రి పని మీద వేలూరు వెళ్లని కుటుంబం చిత్తూరులో అరుదు కాబట్టి మీలో కొందరికైనా ఆ ఊరి పేరు తెలిసే ఉంటుంది. శిబిరాల్లో కొత్త ఇళ్లు కట్టే పథకానికి తమిళనాడు అప్పటి ముఖ్యమంత్రి స్టాలిన్ 2021 నవంబరులో శంకుస్థాపన చేసింది అక్కడే. శిబిరాల్లో చాలా కుటుంబాలు అప్పటికి పది అడుగులకు పది అడుగుల గదుల్లో రెండు తరాలు వెళ్లదీశాయి. ఇప్పుడు పక్కా ఇళ్లు వచ్చాయి, సంతోషం. కానీ ఆ గదుల్లో కాపురం మొదలుపెట్టిన తరం ఒక్కొక్కరుగా వెళ్లిపోతోంది.

తెలియనివారి కోసం నాలుగు మాటలు. 1983 జులైలో కొలంబోలోనూ ఇతర చోట్లా తమిళుల మీద దాడులు జరిగాక రామేశ్వరం వైపు పడవలు రావడం మొదలైంది. 1990 జూన్‌లో శ్రీలంక సైన్యానికీ తమిళ పులులకూ మధ్య యుద్ధం మళ్లీ రాజుకున్నప్పుడు ఇంకో వెల్లువ. 1996 తర్వాత ఒకటి, 2006 తర్వాత మరొకటి. మొత్తం మూడు లక్షల మందికి పైగా వచ్చారు. కొందరు తిరిగి వెళ్లారు, కొందరు వేరే దేశాలకు చేరారు. ఇప్పటికీ తమిళనాడులో నూటికి పైగా శిబిరాల్లో సుమారు 58 వేల మంది, శిబిరాల బయట సుమారు 34 వేల మంది ఉన్నారు.

నాకు పరిచయమున్న కుటుంబంలో ఒక పెద్దాయన మన్నార్ వైపు జాలరి. పెద్ద పడవ ఒడ్డుదాకా రాకుండా నడిసముద్రంలో ఇసుక దిబ్బ మీద జనాన్ని దింపేసి వెళ్లిపోవడం, పోటు వచ్చేలోగా ఇంకో పడవ వస్తుందో రాదోనని పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని నిలబడడం, ఇవన్నీ ఆయన నాకు చెబుతుంటే పక్కన కూర్చున్న మనవడు కళ్లార్పకుండా విన్నాడు. ఇరవై ఏళ్ల కుర్రవాడు, సొంత తాత కథ వినడం అదే మొదటిసారి! ఆ క్షణంలోనే ఈ పని చేయాలనిపించింది.

తమిళం మనకు ఇబ్బంది లేదు. ఫోనులో రికార్డు చేసి, రాసి, తెలుగులోకీ తేవాలని ఉంది. ఎవరి అనుమతి కావాలి, ఏమి అడగాలి, ఏమి అడగకూడదు, ఫొటోలు తీయవచ్చా, చివరికి ఇవన్నీ ఎక్కడ భద్రపరచాలి? అనుభవమున్నవారు చెప్పండి.


స్వర్ణముఖి (తిరుపతి)
సోమవారం, ఉదయం 10.40

అయ్యవారూ, మంచి పని. నేను నర్సుని. తమిళనాడు నుంచి తిరుపతికి వైద్యానికి వచ్చేవాళ్లలో శిబిరాల వాళ్లనూ చూశాను కాబట్టి రెండు మాటలు చెబుతాను.

మొదటి మాట, మీతో ఒక స్త్రీ తప్పనిసరిగా ఉండాలి. మగవాళ్లు పడవ గురించి, యుద్ధం గురించి చెబుతారు. ఆడవాళ్లు చెప్పవలసినవి వేరే ఉంటాయి. శిబిరంలో గోడకు గోడ ఆనుకుని ఉన్న గదుల్లో ఆడపిల్లలు ఎలా పెరిగారో, స్నానానికి చీకటి పడేదాకా ఎలా ఆగారో, పక్క గదిలో దగ్గినా వినిపించే చోట కొత్తగా పెళ్లయినవాళ్లు ఎలా బతికారో మీకు చెప్పరు. మీరు అడగకూడదు కూడా.

రెండో మాట, మొదటి రోజే సముద్రం గురించి అడగకండి. ఊళ్లో ఇల్లు ఎలా ఉండేది, ఏ బడిలో చదివారు, పండక్కి ఏమి వండేవారు, అక్కడ మొదలుపెట్టండి. పెరటాసి నెలలో తిరుమలకు వచ్చినప్పుడు అలసటతో పడిపోయిన ఒక పెద్దావిడను మా వార్డులో చేర్చారు. వివరాలు రాసుకుంటూ "పిల్లలెంతమంది?" అని అడిగితే ఆమె "వచ్చినవాళ్లా, మొత్తమా?" అని తిరిగి అడిగింది. నేను పెన్ను పక్కన పెట్టేశాను. మా కాగితంలో ఉన్న గడి ఒక్కటే.

ఆమె దగ్గర ఒక సంచి ఉండేది. లోపల ప్లాస్టిక్ కవరు, దానిలో ఇంకో కవరు, దానిలో మడతల దగ్గర చిరిగిపోయి టేపు అంటించిన కుటుంబ కార్డు. స్కానింగ్‌కు తీసుకువెళ్తున్నప్పుడు కూడా దాన్ని వదలలేదు. చివరికి నేనే పట్టుకుని ఆమెకు కనపడేలా తలుపు దగ్గర నిలబడ్డాను.

చెప్పేవాళ్లు ఆగిపోతే మీరూ ఆగండి. "తర్వాత ఏమయింది?" అనే ప్రశ్న చరిత్రకు అవసరం కావచ్చు, వాళ్లకు ఆ రాత్రి నిద్ర పట్టదు. మీరు వెళ్లిపోయాక పక్కన ఎవరుంటారో కనుక్కున్నాకే కష్టమైన సంగతుల జోలికి వెళ్లండి.


మొగిలిఘాట్ (పలమనేరు)
సోమవారం, మధ్యాహ్నం 1.05

ఎవరినీ నొప్పించాలని కాదు, నా మనసులో ఉన్నది సూటిగా చెబుతాను. మన జిల్లాలో బోర్లు ఎండిపోయి బెంగళూరుకు వలస వెళ్లినవాళ్ల కథలు ఎవరు రాశారు? సోమశిల జలాశయంలో మునిగిన ఊళ్ల వాళ్ల మాటలు ఎవరు రికార్డు చేశారు? పోలవరం నిర్వాసితుల సంగతి సరేసరి. మన అమ్మానాన్నల కష్టం మనమే రాసుకోలేదు. సముద్రం దాటి వచ్చినవాళ్లకు తమిళనాడు ప్రభుత్వం ఇళ్లు కట్టింది, నెలనెలా డబ్బు ఇస్తోంది. వాళ్ల గురించి తమిళులు రాసుకోలేరా? చిత్తూరు నుంచి అయ్యవారు వెళ్లాలా?


రాయలచెరువు (తిరుపతి)
సోమవారం, రాత్రి 9.30

మొగిలిఘాట్ గారూ, మీ ప్రశ్న న్యాయమైనదే. దానికి మా ఇంటి సంగతి తప్ప నా దగ్గర వేరే జవాబు లేదు.

మా తాతది శ్రీకాకుళం వైపు. రంగూన్‌లో బియ్యం మిల్లులో పని. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ జనంలో సగానికి పైగా భారతీయులే. రేవులో మూటలు మోసినవాళ్లలో, మిల్లుల్లో, రిక్షాల దగ్గర తెలుగువాళ్లు ఎక్కువ. 1930 మేలో రేవులో తెలుగు కూలీల సమ్మె తర్వాత చెలరేగిన అల్లర్లలో మనవాళ్లు ఎందరో చనిపోయారు. 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. డబ్బున్నవాళ్లు ఓడలెక్కారు. మిగిలినవాళ్లు నడిచారు. ఒక దారి అరకాన్ కొండల మీదుగా చిట్టగాంగ్‌కు, ఇంకోటి సరిహద్దు ఊరు తమూ దాటి ఇంఫాల్, దిమాపూర్‌కు. సుమారు ఐదు లక్షల మంది అలా ఇల్లు వదిలారని అంచనా. కలరా, మలేరియా, ఆకలి. దారిలో పోయినవాళ్లు వేలల్లో. మా తాత తమ్ముడు వాళ్లలో ఒకడు. ఎక్కడ పోయాడో, ఏ తేదీన పోయాడో మాకు తెలియదు. ఆయనకు తద్దినం అమావాస్య నాడు పెడతాం.

అస్సాం వైపు నడిచి వచ్చినవాళ్లకు తేయాకు తోటల సంఘం శిబిరాలు పెట్టి గంజి పోసింది. ఆ తోటల కూలీలే దారులు కొట్టి, నడవలేనివాళ్లను మోశారు. వాళ్లు మనవాళ్లు కాదు. ఒడియా వాళ్లో, జార్ఖండ్ వైపు ఆదివాసులో అయి ఉంటారు. "తెలుగువాళ్లను తెలుగువాళ్లు చూసుకోలేరా?" అని వాళ్లలో ఒక్కరు అనుకున్నా నేను ఈ రోజు ఈ నాలుగు ముక్కలు రాసేవాణ్ణి కాదు.

మా తాత యుద్ధం అయ్యాక మళ్లీ బర్మా వెళ్లాడు. 1962లో నే విన్ సైనిక ప్రభుత్వం వచ్చింది. 1964లో దుకాణాలు, మిల్లులు జాతీయం చేశారు. ఆ మే నెలలోనే యాభై, వంద క్యాట్ల నోట్లు రద్దు చేశారు. నగలు కూడా తీసుకుపోనివ్వలేదు. మా నాన్న కట్టుబట్టలతో ఓడ దిగాడు. బర్మా, శ్రీలంకల నుంచి తిరిగి వచ్చినవాళ్ల కోసం 1969లో కేంద్రం దక్షిణాది రాష్ట్రాలతో కలిసి రెప్కో బ్యాంకు పెట్టింది. 1963 జూన్ 1 తర్వాత బర్మా నుంచి వచ్చినవాళ్లకు ప్రభుత్వోద్యోగాల్లో వయసు సడలింపు ఉండేది. మా నాన్నకు ఉద్యోగం వచ్చింది, తిరుపతికి బదిలీ అయ్యాడు, మేము ఇక్కడివాళ్లమయ్యాం. ఇదంతా ఒక్క కాగితం వల్ల. ఫలానా ఓడలో ఫలానా తేదీన దిగాడని రేవులో ఇచ్చిన ధ్రువపత్రం. అదే ఓడలో వచ్చి ఆ కాగితం పోగొట్టుకున్న కుటుంబాలు ఉన్నాయి. వాళ్లకు ఈ సౌకర్యాలు ఏవీ అందలేదు.

అయ్యవారూ, మీరు మాటలు రికార్డు చేయండి. దాంతో పాటు ప్రతి ఇంట్లో ఏ కాగితాలున్నాయో, ఏవి లేవో కూడా చూడండి. నా దృష్టిలో అది ముందు చేయవలసిన పని.


మొగిలిఘాట్ (పలమనేరు)
సోమవారం, రాత్రి 10.10

తోటల కూలీల మాట నన్ను పట్టుకుంది. కాదనను. కానీ మన మునక ఊళ్ల సంగతి కూడా ఎవరో ఒకరు పట్టించుకోవాలన్న మాట మీద మాత్రం నేను నిలబడే ఉన్నాను.


నగరి మగ్గం (నగరి)
మంగళవారం, ఉదయం 6.50

మాది సరిహద్దు ఊరు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. గుమ్మిడిపూండి శిబిరం నుంచి రంగులు వేసే కుర్రాళ్లు మా వైపు ఇళ్లకు వచ్చేవారు. తమిళనాడు శిబిరాల్లో మగవాళ్లకు పెయింటింగే ప్రధానమైన పని, ఎవరిని అడిగినా ఇదే చెబుతారు. మా మేడకు సున్నం వేసిన ముగ్గురిలో ఒకడు కంప్యూటర్ డిగ్రీ చదివాడు. ఉద్యోగం ఇస్తామన్నవాళ్లే పౌరసత్వం గడి దగ్గరకు వచ్చేసరికి వెనక్కి తగ్గారట. మా పిల్లాడి లెక్కల పుస్తకం చూసి, బ్రష్ కింద పెట్టి, చేతులు కడుక్కుని వచ్చి అరగంట కూర్చుని త్రికోణమితి చెప్పి వెళ్లాడు.

"నెలనెలా డబ్బు ఇస్తున్నారు" అన్న మాటకు ఒక వివరం. 2021లో పెంచాక కుటుంబ పెద్దకు 1,500 రూపాయలు, మిగతా పెద్దలకు 1,000, పిల్లలకు 500. బియ్యం వేరే. ఆ డబ్బుతో ఎన్నాళ్లు గడుస్తుందో మగ్గం మీద బతికే మాకు బాగా తెలుసు. పైగా హాజరు చూసే రోజున శిబిరంలో ఉండాలి, లేకపోతే పేరు కొట్టేస్తారని భయం. అందుకే దూరపు పనులు ఒప్పుకోరు.

ఇంకొకటి. వీళ్లను చేతులు చాచేవాళ్లుగా మాత్రం రాయకండి. శ్రీలంక తమిళ నాయకుడు సెల్వనాయకం కుమారుడు చంద్రహాసన్ 1984లో చెన్నైలో ఈళం కాందిశీకుల పునరావాస సంస్థను మొదలుపెట్టారు. దాన్ని నడిపిందీ కాందిశీకులే. శిబిరాల్లో సాయంత్రం బడులు, స్పిరులినా పెంపకం, ఆడవాళ్లకు శిక్షణ, అన్నీ వాళ్లలో వాళ్లు చేసుకున్నవే. సాయం చేసినవాళ్ల పేర్లు రాసేటప్పుడు ఆ సాయంత్రం బడుల్లో చదువు చెప్పినవాళ్ల పేర్లు ముందు రాయండి.


కోర్టు వీధి (చిత్తూరు)
మంగళవారం, రాత్రి 8.20

నేను న్యాయవాదిని. ఈ చర్చ చదివి సంతోషించాను, కొంచెం భయపడ్డాను కూడా. ఎందుకో చెబుతాను.

మన దేశం 1951 నాటి శరణార్థుల ఒప్పందం మీద గానీ, 1967 నాటి అనుబంధ పత్రం మీద గానీ సంతకం చేయలేదు. శరణార్థులకంటూ ప్రత్యేక చట్టం కూడా లేదు. చట్టం దృష్టిలో వీళ్లు విదేశీయులు. నిన్న మొన్నటిదాకా 1946 విదేశీయుల చట్టం, 2025 సెప్టెంబరు నుంచి దాని స్థానంలో కొత్త చట్టం. 2015 జనవరి 9 వరకు వచ్చి, పేరు నమోదు చేసుకున్న శ్రీలంక తమిళులకు శిక్షల నుంచి మినహాయింపు ఇచ్చారు. అది పెద్ద ఊరట. కానీ శిక్ష పడకపోవడం వేరు, పౌరుడు కావడం వేరు. 2019 పౌరసత్వ సవరణలో శ్రీలంక లేనే లేదు.

ఇప్పుడు అసలు సంగతి. పాస్‌పోర్టు లేకుండా పడవలో వచ్చినవాళ్లను చట్టవిరుద్ధంగా వచ్చినవాళ్లుగా లెక్కించడమే పౌరసత్వానికి పెద్ద అడ్డంకి. మీ రికార్డింగులో ఒక పెద్దాయన తన పేరు, ఊరు, ఏ రాత్రి ఎవరి పడవలో ఎలా దిగాడో పూసగుచ్చినట్టు చెబుతాడు. అది ఇంటర్నెట్‌లో పెట్టాక రేపు ఆయన కూతురి దరఖాస్తు పక్కన ఎవరైనా దాన్ని పెట్టవచ్చు. పడవ నడిపిన మనిషి ఇంకా బతికి ఉండవచ్చు. అక్కడ ఉండిపోయిన బంధువులకు ఇబ్బంది రావచ్చు. 1991 మేలో శ్రీపెరుంబుదూరులో రాజీవ్ గాంధీ హత్య తర్వాత శిబిరాల మీద నిఘా ఎంత బిగిసిందో వాళ్లు మర్చిపోలేదు. కాబట్టి పేరున్న రికార్డింగు ఏదీ వాళ్ల గడప దాటకూడదు. బయటకు వచ్చే ప్రతిలో పేర్లు, తేదీలు, ఊళ్లు మార్చాలి. శిబిరంలోకి వెళ్లడానికి జిల్లా యంత్రాంగం అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. మీకంటే వాళ్ల కోసం అది ముఖ్యం.

రాయలచెరువు గారు కాగితాల గురించి రాసింది అక్షరాలా నిజం. పౌరసత్వ చట్టం మూడో సెక్షన్ ప్రకారం 1950 జనవరి 26 నుంచి 1987 జులై 1కి ముందు వరకు ఈ గడ్డ మీద పుట్టినవారు, తల్లిదండ్రులు ఎవరైనా సరే, పుట్టుకతోనే భారత పౌరులు. రామేశ్వరం దగ్గరి మండపం శిబిరంలో 1986లో పుట్టిన ఒక మహిళకు పాస్‌పోర్టు నిరాకరిస్తే ఆమె కోర్టుకు వెళ్లారు. 2022లో మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం ఆమె పక్షాన తీర్పు చెప్పింది. 2024 ఎన్నికల్లో ఆమె తిరుచ్చిలో ఓటు వేశారు. ఆమెను గెలిపించింది మండపంలో పుట్టినట్టున్న జనన ధ్రువపత్రం. 1983 నుంచి 1987 మధ్య శిబిరాల్లో ఎంతమంది పుట్టి ఉంటారు? వాళ్లలో ఆ పత్రం చేతిలో ఉన్నవాళ్లు ఎందరు?

ఇంకో వర్గం ఉంది. తేయాకు తోటల పనికి బ్రిటిష్‌వాళ్లు ఇక్కడి నుంచి సిలోన్‌కు, అంటే ఇప్పటి శ్రీలంకకు, తీసుకువెళ్లిన కుటుంబాలు. 1948 సిలోన్ పౌరసత్వ చట్టం వాళ్లను ఏ దేశానికీ చెందనివాళ్లను చేసింది. 1964 అక్టోబరులో మన ప్రధాని శాస్త్రి, సిలోన్ ప్రధాని సిరిమావో బండారనాయకే చేసుకున్న ఒప్పందంలో 5,25,000 మందిని భారత్, 3,00,000 మందిని సిలోన్ తీసుకునేలా పంచుకున్నారు. మిగిలిన లక్షన్నర మందిని 1974లో చెరి సగం. అలా పంచుకున్న లెక్కలో ఉండి కూడా యుద్ధం వల్ల పడవల్లో రావలసి వచ్చినవాళ్లు శిబిరాల్లో ఉన్నారు. 2019 జూన్‌లో తిరుచ్చి కొట్టపట్టు శిబిరానికి చెందిన 65 మంది పిటిషన్ మీద హైకోర్టు, వీరి దరఖాస్తులను సానుభూతితో పరిశీలించాలని చెప్పింది. తాత ముత్తాతలది తమిళనాడులో ఏ ఊరో, ఏ తోటలో పనిచేశారో ముసలివాళ్లకే గుర్తుంటుంది. మీరు అడిగి రాసిపెట్టే ఆ ఊరి పేరు రేపు ఆధారం కావచ్చు.

అందుకే మాటల దస్త్రం వేరు, కాగితాల దస్త్రం వేరుగా ఉంచండి. రెండోది వాళ్ల పెట్టెలోనే ఉండాలి.


కలంకారీ (శ్రీకాళహస్తి)
బుధవారం, ఉదయం 11.25

ఫొటోల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి, కెమెరాతో బతికేవాణ్ణిగా నేను చెబుతాను.

పేర్లు మార్చడం, ఊళ్లు మార్చడం అర్థం చేసుకోగలను. కానీ ముఖాలన్నీ దాచేస్తే లోకం కదలదు. 1971లో తూర్పు బెంగాల్ నుంచి కోటి మంది వచ్చినప్పుడు రఘు రాయ్ లాంటివాళ్లు తీసిన ఫొటోలు లేకపోతే ఆ కష్టం మాటల్లోనే ఉండిపోయేది. 2017లో బంగ్లాదేశ్ తీరంలో పడవ దిగి, వంగి ఇసుకను తాకుతున్న రోహింగ్యా మహిళ ఫొటోను దానిష్ సిద్దిఖీ తీశారు. ఆయన పనిచేసిన రాయిటర్స్ వార్తాసంస్థ ఫొటోగ్రాఫర్లకు 2018లో పులిట్జర్ బహుమతి వచ్చింది. దానిష్ 2021 జులైలో అఫ్గానిస్తాన్‌లో పని చేస్తూ ప్రాణాలు వదిలారు. ఇలాంటి మనుషులు ఉండబట్టే మనకు తెలిసింది.

దీనికి రెండో వైపు కూడా నాకు తెలుసు. 1984లో పెషావర్ దగ్గర శిబిరంలో స్టీవ్ మెకర్రీ తీసిన ఆకుపచ్చ కళ్ల అఫ్గాన్ అమ్మాయి ఫొటో 1985 జూన్‌లో పత్రిక అట్ట మీద వచ్చింది. ప్రపంచమంతా చూసింది. ఆమె పేరు షర్బత్ గులా అని 2002లో వెతికి పట్టుకునేదాకా ఎవరికీ తెలియదు. అన్నేళ్లూ ఆమె ఆ ఫొటో చూడనే లేదు. 2016లో పాకిస్తాన్‌లో గుర్తింపు కార్డు కేసులో ఆమెను అరెస్టు చేశారు. లోకంలో అందరికీ తెలిసిన ముఖం, చేతిలో సరైన కాగితం లేదు!

అందుకని నా పద్ధతి ఇది. ఎవరి ఫొటో తీసినా ముందు ప్రింటు వాళ్ల చేతికి వెళ్తుంది. వాళ్లు చూసి, ఇంట్లోవాళ్లకు చూపించి, నాలుగు రోజులు ఉంచుకుని సరే అన్నాకే నేను వాడుకుంటాను. వద్దంటే తీసేస్తాను. అయ్యవారూ, మీతో నేను వస్తాను. ప్రింట్ల ఖర్చు నాది.


స్వర్ణముఖి (తిరుపతి)
బుధవారం, మధ్యాహ్నం 2.15

కలంకారీ అన్నా, మీ పద్ధతి నచ్చింది. కానీ "సరే" అన్న మాటను కూడా కొంచెం అనుమానించాలి. వాళ్లు ఏళ్ల తరబడి అధికారులు అడిగిన చోటల్లా సంతకం పెట్టినవాళ్లు. కాదంటే ఏమవుతుందోనన్న భయంతో సరే అంటారు. వార్డులో ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టేవాళ్ల ముఖాల్లో నేను రోజూ చూసేది అదే. కాబట్టి కాదనడం ఎంత తేలికో ముందు వాళ్లకు అనుభవంలో తెలియాలి. మొదటి రోజు కెమెరా సంచిలోంచి బయటకే తీయకండి. పిల్లల ముఖాలు మాత్రం అసలు వద్దు. ఈ మాట మీద నేను తగ్గను.


కడలి
బుధవారం, రాత్రి 11.50

ఈ చర్చ నా స్నేహితురాలు పంపితే చదివాను. నేను శిబిరంలో పుట్టాను, 1993లో. ఏ శిబిరమో చెప్పను. ఇప్పుడు తిరుపతిలో ఉంటున్నాను. తెలుగు ఇక్కడే నేర్చుకున్నాను.

మీరందరూ మా గురించి ఇంత ఆలోచిస్తున్నారు. అది నాకు మొదటిసారి కనిపించిన విషయం, అందుకే రాస్తున్నాను.

నేను శ్రీలంకను చూడలేదు. "మీ దేశం గుర్తొస్తుందా?" అని నన్ను అడుగుతారు. నాకు గుర్తున్నది శిబిరం కుళాయి దగ్గర వరస, వానొస్తే కారే రేకు, హాజరు రోజున కాలేజీ మానేసి వెళ్లడం. నేను పుట్టింది ఇక్కడే, కానీ 1987 తర్వాత. అమ్మానాన్నలు పౌరులు కారు కాబట్టి నేనూ కాను. మా అక్క 1987 మే నెలలో పుట్టింది. వకీలు గారు రాసింది చదివి నేను ఇంటికి ఫోను చేశాను. అక్క జనన పత్రం లేదు. ఆసుపత్రిలో కాదు, శిబిరం గదిలో పుట్టింది. మంత్రసాని కూడా శిబిరం మనిషే, చనిపోయింది. రెండు నెలల తేడాతో మా ఇంట్లో ఒకరు ఈ దేశపు మనిషి కావచ్చని ఇన్నేళ్లూ మాకు ఎవరూ చెప్పలేదు!

అయ్యవారూ, మీరు వస్తే మా అమ్మను నేను అడగలేనివి అడగండి. పడవలో ఎవరెవరున్నారు, ఇసుక దిబ్బ మీద ఎవరు ఉండిపోయారు? మా ముందు అమ్మ చెప్పదు. మేము బాధపడతామని ఆమె, ఆమె బాధపడుతుందని మేము. బయటి మనిషి ముందు చెబుతుందేమో. కానీ ఒక కోరిక. ఆ రికార్డింగు ముందు మాకు ఇవ్వండి. పత్రికల్లో మా శిబిరం గురించి వచ్చింది. కెమెరాలతో వచ్చారు, వెళ్లారు. మా ఇంట్లో ఆ ఫొటో ఒక్కటీ లేదు. నాన్న పోయాక గోడకు పెట్టడానికి రేషన్ కార్డు ఫొటోనే పెద్దది చేయించాం. ఆ రోజు వచ్చిన కెమెరాలో నాన్న నవ్వుతున్న ఫొటో ఉందని మాకు తెలుసు.

ఏడుపు ఒక్కటే రాయకండి. మా శిబిరంలో వాలీబాల్ జట్టు ఉండేది, చుట్టుపక్కల ఊళ్లను ఓడించేది. అది కూడా రాయండి.


నిర్వాహకులు
గురువారం, ఉదయం 6.30

కడలి గారికి స్వాగతం. సభ్యులందరికీ మనవి: ఆమె ఊరు, ఉద్యోగం, కుటుంబం గురించి ఎవరూ ఇక్కడ గానీ, విడి సందేశాల్లో గానీ అడగవద్దు. ఆమె కోరితే పై సందేశాన్ని ఎప్పుడైనా తొలగిస్తాం.


తలకోన (తిరుపతి)
గురువారం, ఉదయం 9.45

విశ్వవిద్యాలయంలో చదువుతున్నాను. తమిళం విని రాయగలను, టైపు చేయగలను. రికార్డింగులను రాతలోకి మార్చే పని నాకివ్వండి. శబ్దం విషయంలో చిన్న సూచన: ఫ్యాను ఆపించి ముసలివాళ్లను చెమటలో కూర్చోబెట్టకండి, కాలరుకు తగిలించే చిన్న మైకు కొంటే చాలు. ఫోను నుంచి రెండు పెన్‌డ్రైవ్‌ల్లోకి ఎక్కించి, ఒకటి ఆ ఇంట్లో ఇచ్చి, ఫోనులో ఉన్నది అక్కడికక్కడే వాళ్ల ముందు తుడిచేయవచ్చు. దారిలో ఫోను పోయినా భయం ఉండదు.

కడలి అక్కా, ఆ ఫొటో ఏ పత్రికలో వచ్చిందో, సుమారుగా ఏ సంవత్సరమో మీ స్నేహితురాలి ద్వారా నిర్వాహకులకు చెప్పండి. పాత సంచికలు వెతకడం నా పని.


నీవానది (చిత్తూరు)
గురువారం, రాత్రి 9.00

అమ్మా కడలీ, మీ సందేశం చదివి పొద్దున్నుంచీ వేరే పని మీద మనసు నిలవలేదు. మీ అమ్మగారు ఒప్పుకుంటే మొదట మీ ఇంటికే వస్తాను. ఒప్పుకోకపోతే ఆ మాటే చాలు, మళ్లీ అడగను.

అందరి మాటలూ విన్నాక పని ఆకారం మారింది. పుస్తకం గురించిన ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెడుతున్నాను. ముందు కాగితాలు. 1983 నుంచి 1987 జూన్ దాకా శిబిరాల్లో పుట్టినవాళ్లు ఎవరెవరో, ఎవరి దగ్గర జనన పత్రం ఉందో లేదో ఆ ఇళ్లవాళ్ల చేతే ఒక పట్టిక రాయిస్తాను. అది వాళ్ల దగ్గరే ఉంటుంది. తోటల కుటుంబాల పెద్దల దగ్గర పూర్వీకుల ఊరి పేర్లు రాయిస్తాను. ఈ పని చేస్తూ ఉంటే చెప్పాలనిపించినవాళ్లు కథలు వాళ్లే చెబుతారు. చెప్పినప్పుడు వింటాను. స్వర్ణముఖి గారూ, సెలవు రోజున మీరు నాతో రాగలిగితే మేలు. కలంకారీ గారూ, మొదటిసారి కెమెరా లేకుండా రండి.

2022 మార్చిలో శ్రీలంకలో తిండికి, మందులకు కటకట వచ్చినప్పుడు ధనుష్కోటి దగ్గర మళ్లీ కొందరు పడవ దిగారు. వాళ్లలో పసిపిల్లలున్నారు. 1984లో ఆ పిల్లల వయసులో దిగినవాళ్లకు ఇప్పుడు మనవలు పుట్టే వయసు. ఈసారైనా ఆ పిల్లల కాగితాలు మొదటి రోజు నుంచీ సరిగ్గా ఉండాలని నా ఆరాటం.

వకీలు గారూ, కడలి గారి అక్క విషయంలో దారి ఉందా?


కోర్టు వీధి (చిత్తూరు)
గురువారం, రాత్రి 10.35

ఉంది. సులువు కాదు, కానీ ఉంది. 1969 జనన మరణాల నమోదు చట్టం పదమూడో సెక్షన్‌లో ఆలస్యపు నమోదుకు వీలుంది. ఏడాది దాటితే మేజిస్ట్రేటు విచారించి ఉత్తర్వు ఇవ్వాలి. 2023 సవరణ తర్వాత ఆ అధికారం జిల్లా మేజిస్ట్రేటు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు స్థాయిలో ఉంది. పుట్టిన చోటు ఏ పరిధిలోకి వస్తుందో అక్కడే దరఖాస్తు.

ఆధారాలు వెతకాలి. శిబిరంలో కుటుంబ కార్డులో బిడ్డ పేరు ఎప్పుడు చేర్చారు? నెల డబ్బులో పిల్లల వాటా ఏ నెల నుంచి మొదలైంది? 1987 జులైకి ముందు ఆ పద్దులో బిడ్డ కనిపిస్తే అంతకంటే బలమైన సాక్ష్యం ఉండదు, ఎందుకంటే అది ప్రభుత్వం రాసిన లెక్క. టీకాల కార్డు, మొదటి బడి రిజిస్టరు, చర్చిలో గానీ గుడిలో గానీ నామకరణం రాసిన పుస్తకం, అన్నీ చూడండి. ఆ సంవత్సరం పక్క గదిలో ఉండి, ఇప్పటికీ బతికి ఉన్న పెద్దవాళ్ల ప్రమాణ పత్రాలు ఈ నెలలోనే తీసుకోండి. వాటిని వాయిదా వేయకండి.

నేను రుసుము తీసుకోను. తమిళనాడు కోర్టుల్లో పనిచేసే స్నేహితులు వేలూరులో ఉన్నారు, వాళ్లతో మాట్లాడతాను.


మొగిలిఘాట్ (పలమనేరు)
శుక్రవారం, ఉదయం 7.40

నాకు కారు ఉంది, ఆదివారాలు ఖాళీ. పాత రిజిస్టర్ల కోసం తాలూకా ఆఫీసులు తిరగాలంటే అయ్యవారు బస్సుల్లో తిరగనక్కర్లేదు. వేలూరు అయినా, రామనాథపురం అయినా నేను తీసుకువెళ్తాను.

ఒక షరతు. ఈ పద్ధతి అంతా, పట్టికలు, ప్రమాణ పత్రాలు, రికార్డింగు ఇంటివాళ్లకు ఇవ్వడం, ఒక కాగితం మీద రాసి నాకివ్వండి. సోమశిల మునక ఊళ్ల నుంచి వచ్చి మా వైపు స్థిరపడిన కుటుంబాలు నాకు తెలుసు. పరిహారం పత్రాలు ఎవరి దగ్గర ఉన్నాయో, ఎవరి దగ్గర లేవో నేను అడగడం మొదలుపెడతాను. తలకోన తమ్ముడూ, ఆ మైకు ఎక్కడ దొరుకుతుందో చెప్పు.